పాత ట్రాక్టర్ కొంటున్నారా? రైతు బండి, ఎక్స్ఛేంజ్ బండి, సీజింగ్ బండి, బోరు చేసిన బండి: ఏది ఎవరికి?

మే నెల వచ్చిందంటే మా మిర్యాలగూడ చుట్టుపక్కల పాత ట్రాక్టర్ల బేరాలు ఊపందుకుంటాయి. రైతు నేరుగా అమ్మేవి, కొత్త బండి కోసం షోరూంలో ఇచ్చేసినవి (ఎక్స్ఛేంజ్), వాయిదాలు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్ళు పట్టుకెళ్ళి వేలం వేసేవి (సీజింగ్), ఇంజిన్ విప్పి లైనర్లు, పిస్టన్లు మార్చినవి (బోరు చేసినవి), ఇలా నాలుగు రకాలు బేరానికి వస్తాయి. సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలేలోపు బండి వాకిట్లోకి రావాలని అందరికీ తొందర. ఆ తొందరలో రంగు చూసి, టైర్లు చూసి, మీటర్ మీద గంటలు చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. నెల తిరిగేసరికి బండి షెడ్డులో ఉంటుంది, మనిషి మెకానిక్ చుట్టూ తిరుగుతుంటాడు.

నేను ఇప్పటికి మూడు పాత బండ్లు కొన్నాను. మొదటిది గట్టి దెబ్బే తీసింది. ఒక యార్డులో కొన్న 45 హెచ్‌పీ బండి అది. కొత్త పెయింటు, వెనక కొత్త టైర్లు, ఇంజిన్ కూడా నిజంగానే బాగుంది. దమ్ములో (వరి మడిని బురద చేసే పనిలో) దించిన పదో రోజున వెనక హౌసింగ్ (వెనక గేర్లు, యాక్సిల్ ఉండే పెట్టె) డిప్‌స్టిక్ తీసి చూస్తే నూనె మజ్జిగలా తెల్లగా అంటుకుని వచ్చింది. యాక్సిల్ సీళ్ళు పోయి బురదనీళ్ళు లోపలికి చేరాయి. బేరింగులు విప్పేసరికి నాట్లు దాటిపోయాయి. ఆ సీజనంతా పక్క రైతు బండికి కిరాయి కట్టాను. నేను ఇంజిన్ చూశానే గానీ వెనక భాగం చూడలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ బండి అంతకు ముందు ఏ పని చేసిందో అడగలేదు.

అప్పటి నుంచి ఏ బండి దగ్గరికి వెళ్ళినా నా మొదటి ప్రశ్న అదే. బండి ఎక్కడ అరిగిందో అది చేసిన పనిని బట్టి ఉంటుంది. ఆ అరుగుడు మనకు నష్టమా కాదా అన్నది మనం చేయించబోయే పనిని బట్టి ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం బండ్లు వాటంతటవే పక్కకు పోతాయి.

ఏ పని ఎక్కడ అరగదీస్తుంది

దమ్ము (మా వైపు కొందరు కరిగెట అంటారు) చేసిన బండికి వెనక యాక్సిల్ సీళ్ళు, బేరింగులు, బ్రేకులు ముందు పోతాయి. దమ్ము చక్రాలు వేసుకుని బురదలో ఈదుతుంటే నీళ్ళు యాక్సిల్ దాకా వస్తాయి. డ్రై డిస్కు బ్రేకులున్న పాత మోడళ్ళలో బురద లోపలికి చేరితే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. నూనెలో మునిగి ఉండే బ్రేకులకు ఆ బాధ చాలా తక్కువ. వరి రైతు బండి ఎంచుకునేటప్పుడు మోడల్ పేరు కన్నా ముందు అడగాల్సిన మాట ఇది.

ఎక్కువగా రోటవేటర్ కిరాయికి తిరిగిన బండిలో క్లచ్, పీటీఓ షాఫ్టు (రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) మీద గాళ్ళు, పనిముట్టును ఎత్తే లిఫ్టు అరుగుతాయి. ఇసుక, ఇటుక ట్రాలీ లాగిన బండికి క్లచ్, పెద్ద గేర్లు, బ్రేకులు, స్టీరింగు పోతాయి. ముందు డోజరో లోడరో కట్టి తిప్పిన బండికి ముందు యాక్సిల్, కింగ్ పిన్లు (ముందు చక్రాలు పక్కకు తిరిగేందుకు ఉండే పిన్నులు), క్లచ్ హౌసింగ్ మీద బరువంతా పడి ఉంటుంది. పత్తి, కంది లాంటి మెట్ట పంటల్లో గుంటకలు, కల్టివేటర్లు లాగిన బండి సాధారణంగా అన్నిటికన్నా తక్కువ నలిగి ఉంటుంది. దుమ్ము మాత్రం ఎక్కువ తిని ఉంటుంది కాబట్టి ఎయిర్ క్లీనర్ సరిగ్గా చూసుకోని బండైతే రింగులు త్వరగా అరిగిపోతాయి.

ఎవరూ "మాది ఇటుక బట్టీ బండి" అని చెప్పరు. బండిని అడగాలి. చాసిస్ పక్కన ఖాళీ బోల్టు రంధ్రాలు, వెల్డింగ్ చేసి నున్నగా రుద్దిన చోట్లు ఉంటే లోడరో డోజరో కట్టారని అర్థం. హుక్కు పిన్ను దూరే కన్నం కోడిగుడ్డులా సాగి ఉంటే ట్రాలీ బాగా లాగిందని అర్థం. మడ్‌గార్డుల లోపలివైపు ఎండిన రేగడి, ఇనుము గీకిన గీతలు కనిపిస్తే దమ్ము చక్రాలు తిరిగినట్టే.

ఏ బండికైనా తప్పని పరీక్షలు

పొద్దున ఆరింటికి వెళ్ళండి. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. వెళ్ళగానే మాటల్లో పడకుండా ఇంజిన్ బ్లాకు మీద అరచెయ్యి పెట్టండి, తర్వాత రేడియేటర్ పైన హోసు పట్టుకోండి. ఇనుము రాత్రి గాలికి పూర్తిగా చల్లారి ఉండాలి. గోరువెచ్చగా తగిలిందా, బండిని మీకోసం ముందే వేడి చేసి పెట్టారు. చల్లటి ఇంజిన్ చెప్పే నిజాలు వేడి ఇంజిన్ చెప్పదు. ఆ రోజు పరీక్ష ఆపేసి, చెప్పకుండా ఇంకో రోజు వెళ్ళండి.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయండి. నీళ్ళ మీద నూనె తెట్టు ఉంటే హెడ్ గాస్కెట్, హెడ్డు, లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) సీళ్ళ దగ్గర ఏదో ఒకటి పోయి ఉండొచ్చు. ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటే కంగారు వద్దు, డీజిల్ ఇంజిన్‌లో అది మామూలే. పాలు కలిసినట్టుంటే ప్రమాదం. పాత బండిలో ఆయిల్ బొత్తిగా కొత్తగా, చిక్కగా మెరుస్తుంటే దాన్నీ అనుమానించాలి. శబ్దం, పొగ దాచడానికి చిక్కటి ఆయిల్ పోస్తారు.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. మొదటి నిమిషం కాస్త తెల్లపొగ రావడం తప్పు కాదు. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే నీళ్ళు కాలుతున్నాయో, కంప్రెషన్ తగ్గిందో, డీజిల్ చిమ్మే నాజిల్ సరిగ్గా కొట్టడం లేదో చూపించుకోవాలి. నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది, అంటే రింగులో వాల్వు గైడ్లో అరిగాయి. లోడు మీద నల్లపొగ కొడితే ఎయిర్ ఫిల్టర్, నాజిల్స్, పంపు వరసగా చూడాలి. వీటిలో నల్లపొగ తక్కువ ఖర్చుతో పోవచ్చు, నీలిపొగ పోదు.

తర్వాత ఆయిల్ పోసే మూత తీసి ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి వదిలే బ్రీదర్ పైపు దగ్గర చెయ్యి పెట్టండి. సన్నగా ఆవిరి వస్తే ఫర్వాలేదు. రైలింజన్‌లా బుస్సు బుస్సున కొడుతూ చేతికి ఆయిల్ తుంపర తగిలితే మెకానిక్కులు చెప్పే బ్యాక్ కంప్రెషన్ అదే. ఇంజిన్ బోరుకొచ్చిందని అర్థం. అమ్మే మనిషి "ఇది మామూలేనండీ" అంటాడు. బోరు ఖర్చు తీసేసుకుని బేరమాడండి, లేదా లేచి వచ్చేయండి.

ఇంత చూశాక కూడా అరగంటైనా పొలంలో దున్నించాలి. వాకిట్లో బాగున్న బండి చాలులో బయటపడుతుంది. వేడెక్కాక తక్కువ స్పీడులో ఆయిల్ ప్రెషర్ లైటు వెలగకూడదు. అప్పుడు ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేయించండి. చల్లగా ఠక్కున అందుకుని, వేడి మీద మొరాయిస్తే ఫ్యూయల్ పంపు అరిగిందేమో చూపించాలి.

క్లచ్ పరీక్షకు ఎదురుగా ఖాళీ స్థలం ఉండాలి. పెద్ద గేరు వేసి, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా తొక్కి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ పట్టుకుంటున్నట్టు. ఇంజిన్ తిరుగుతూ బండి కదలకుండా ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది. గేర్లన్నీ రోడ్డు మీద వేసి చూడండి. లోడు వదిలినప్పుడు గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి ఎగిరితే గేర్‌బాక్స్ విప్పక తప్పదు.

వెనక హౌసింగ్‌కు నేను నేర్చుకున్న పరీక్ష ఒకటుంది. రాత్రంతా కదలకుండా ఉన్న బండి కింద డ్రెయిన్ ప్లగ్గును ఒక్క చుట్టు వదులు చేయించండి. నూనె కన్నా నీళ్ళు బరువు కాబట్టి అడుగున చేరతాయి. మొదటి చుక్కలు నూనెగా వస్తే ప్లగ్గు బిగించేయొచ్చు. నీళ్ళుగా వస్తే సీళ్ళ సంగతి తేలిపోయింది. ఆ నూనె రెండు వేళ్ళ మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడినా, ఎండలో తళుకు తళుకుమన్నా లోపల ఇనుము అరుగుతోంది. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేను బండి కొనను.

లిఫ్టుకు రోటవేటర్ తగిలించి పైకి ఎత్తి ఇంజిన్ ఆపండి. టీ తాగి వచ్చేసరికి రవ్వంత దిగితే సరే, కళ్ళ ముందే జారిపోతే సీళ్ళో వాల్వో పోయాయి. ఇంజిన్ నడుస్తుండగా ఎత్తిన లిఫ్టు ఊరికే ఎగిరెగిరి పడుతుంటే అదీ లోపలి లీకే. పీటీఓ షాఫ్టు గాళ్ళు చేత్తో తడిమి చూడండి, అంచులు కత్తిలా పదునెక్కి ఉంటే చాలా గంటలు రోటవేటర్ తిరిగింది. ముందు భాగం జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్, హబ్ బేరింగుల ఆట చేతికి తెలుస్తుంది. క్లచ్ హౌసింగ్ కలిసే చోట బోల్టుల చుట్టూ పగులు, వెల్డింగ్ ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. హౌసింగ్ పగిలిన బండి ఎంత చవకైనా వద్దు.

గంటల మీటర్‌ను నేను నమ్మను. తీసేయొచ్చు, మార్చొచ్చు. పాత బండ్ల మీటర్లు చాలావరకు ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతాయి కాబట్టి తక్కువ స్పీడులో నడిచిన కాలం పూర్తిగా ఎక్కదు. ఏడాదికి 500 గంటలు వేసుకున్నా 8 ఏళ్ళ బండి 4000 దగ్గర ఉండాలి. మీటర్ 1800 చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము మెరుస్తుంటే పెడల్‌నే నమ్మండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటే మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. బండి మోడల్‌తో పోల్చి చూడండి.

నాలుగు చోట్ల నాలుగు రకాల బండ్లు

పోలిక సులువుగా ఉండేందుకు ఒకచోట పెడుతున్నాను.

| చూడాల్సింది | తెలిసిన రైతు బండి | షోరూం ఎక్స్ఛేంజ్ బండి | ఫైనాన్స్ సీజింగ్ బండి | బోరు చేసిన బండి |
|---|---|---|---|---|
| ధర | ఎక్కువ, బేరం తక్కువ | మధ్యస్థం | అన్నిటికన్నా తక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| చేసిన పని తెలుస్తుందా | ఊరంతా చెబుతుంది | దాదాపు తెలియదు | తెలియదు | బిల్లులుంటే కొంత |
| పొలంలో దున్ని చూడొచ్చా | ఔను | అడిగితే ఒక్కోచోట | చాలాసార్లు కుదరదు | ఔను, తప్పక చూడాలి |
| దాగి ఉండే రోగం | వాయిదా వేసిన రిపేర్లు | పెయింటు కింద గేర్‌బాక్స్, హౌసింగ్ | నిలబడి పాడైన సీళ్ళు, వైరింగు, సర్వీసు ఎగ్గొట్టిన ఇంజిన్ | సగం పని, అరిగిన క్రాంకు |
| కాగితాల చిక్కు | తక్కువ | తక్కువ | ఎక్కువ | మామూలు |

రైతు బండికి ఉన్న పెద్ద బలం ఊరే. టీ కొట్టు దగ్గర అరగంట కూర్చుంటే ఆ బండి ఎప్పుడు ఎక్కడ ఆగిపోయిందో, డ్రైవర్ ఎవరో, కిరాయికి తిరిగిందో లేదో అన్నీ తెలిసిపోతాయి. డ్రైవర్‌ను వేరుగా పలకరించండి, ఓనర్ చెప్పనిది అతను చెబుతాడు. బలహీనత ఏమిటంటే, అమ్మాలని అనుకున్న రోజు నుంచి రైతు దాని మీద రూపాయి పెట్టడు. ఆయిల్, ఫిల్టర్లు, బ్యాటరీ, బుష్‌లు అన్నీ మీ నెత్తిన పడతాయి. ఇవి కంటికి కనిపించే ఖర్చులే కాబట్టి లెక్క వేసుకోవచ్చు. ఖర్చు తెలిసిన రోగంతో ఉన్న బండిని, రోగమే తెలియని మెరిసే బండి కన్నా నేను ముందు చూస్తాను.

షోరూం ఎక్స్ఛేంజ్ బండిలో కాగితాలు సాధారణంగా సాఫీగా ఉంటాయి. కొందరు రాతపూర్వకంగా కొన్నాళ్ళ గ్యారంటీ కూడా ఇస్తారు. ఇస్తే అందులో ఇంజిన్ ఒక్కటే ఉందా, గేర్‌బాక్స్, హైడ్రాలిక్స్ ఉన్నాయా అన్నది చదివి సంతకం చేయండి. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: పాత బండి ఇచ్చి కొత్తది తీసుకున్న రైతు, పెద్ద రిపేరు ముంచుకొచ్చే వేళకే మార్చి ఉండొచ్చు. కొత్త పెయింటు బోల్టుల తలల మీద, రబ్బరు పైపుల మీద కూడా పడి ఉంటే హడావుడిగా కొట్టిన రంగు అది. దాని కింద లీకుల మరకలు వెతకండి.

సీజింగ్ బండి దగ్గరే జనం ఎక్కువ ఆశపడతారు, ఎందుకంటే మోడల్ కొత్తది, ధర తక్కువ. నిజమే, మంచి బండ్లు దొరుకుతాయి. కానీ వాయిదా కట్టలేని మనిషి సర్వీసు కూడా కట్టి ఉండడని, వాయిదా కోసమే దాన్ని రాత్రింబవళ్ళు కిరాయికి తోలి ఉంటాడని అనుకుని లెక్క వేయాలి. ఆ తర్వాత నెలల తరబడి యార్డులో వానకు నిలబడి ఉంటుంది. సైలెన్సర్‌కు మూత లేకపోతే నీళ్ళు ఇంజిన్‌లోకే పోతాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు, తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు. బ్యాటరీ మీరే పట్టుకెళ్ళి స్టార్ట్ చేయించమని అడగండి. కుదరదంటే ఇంజిన్ బోరు, క్లచ్, టైర్లు మూడూ పోయినట్టే లెక్క కట్టి వేలంలో పాట పాడండి.

ఇంకో సంగతి. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ 4 కాలుష్య నియమాలు వచ్చాయి. అప్పటి నుంచి తయారైన పెద్ద బండ్లలో కంప్యూటర్ నడిపే కామన్ రైల్ ఇంజిన్లు వస్తున్నాయి. వాటి సెన్సర్ల రోగం మన ఊరి మేస్త్రి చెవికి వినపడదు, స్కానర్ పెట్టాలి. మండల కేంద్రంలో ఆ కంపెనీ సర్వీసు లేకపోతే అలాంటి సీజింగ్ బండి జోలికి పోవద్దు.

బోరు చేసిన బండిలో రెండు రకాలున్నాయి. తన వాడకం కోసం బోరు చేయించుకుని, ఒక సీజన్ దున్ని, వేరే అవసరం వచ్చి అమ్ముతున్నది ఒకటి. అమ్మడానికే బోరు చేసినది రెండోది. మొదటిది దొరికితే నాలుగు రకాల్లోనూ అదే మేలని నా అనుభవం. కొత్త లైనర్లు, పిస్టన్లు సర్దుకుని ఉంటాయి, తేడా ఉంటే ఆ సీజన్‌లోనే బయటపడేది. రెండోదాంట్లో రింగులు మాత్రం మార్చి పాత లైనర్లే ఉంచేస్తారు, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) అరుగుడు కొలవరు. బిల్లులు అడగండి. లైనర్, పిస్టన్ కిట్టు ఏ కంపెనీది, క్రాంకు గ్రైండింగ్ పట్టించారా, పట్టిస్తే బేరింగులు ఎంత సైజు వేశారు, హెడ్డు పని చేశారా? నిజంగా చేయించిన మనిషికి ఇవన్నీ నోటి మీద ఉంటాయి. పాత పిస్టన్లు కూడా షెడ్డు మూల నుంచి తెచ్చి చూపిస్తాడు. ఒక జాగ్రత్త: బోరు ఇంజిన్‌కే గానీ గేర్‌బాక్స్‌కు కాదు. నా మొదటి బండి నేర్పింది ఇదే.

మీరెవరు, మీకేది

ఐదారెకరాల వరి ఉండి సొంత దమ్ము కోసం కొనేవారికి రైతు బండే సరి. నూనె బ్రేకులున్న 40, 45 హెచ్‌పీ బండి చూసుకోండి. కాస్త ఎక్కువ పెట్టినా వెనక భాగం పొడిగా ఉన్నదే కొనండి. ఇంజిన్ కొంచెం అలసినా రెండేళ్ళు నడుస్తుంది, హౌసింగ్‌లో నీళ్ళు చేరితే రెండు నెలలు కూడా నడవదు.

పత్తి, మిర్చి వేసే మెట్ట రైతుకు దమ్ము సీళ్ళ బెంగ లేదు. దమ్ములో నలిగిన బండైనా, సీళ్ళు మార్చి తక్కువకు ఇస్తే తీసుకోవచ్చు. మీకు కావాల్సింది లిఫ్టు లోతును నిలకడగా పట్టడం. కల్టివేటర్ వేసి గట్టి నేలలోనూ మెత్తటి నేలలోనూ ఒకే చాలు తోలి చూడండి.

రోటవేటర్, ట్రాలీ కిరాయికి తిప్పి బతకాలనుకునే కుర్రవాళ్ళకు నా సలహా వేరు. మీ బండి ఆగిన రోజు ఆదాయం ఆగుతుంది, ఫైనాన్స్ వాయిదా ఆగదు. పదేళ్ళు దాటిన బండి వద్దు. స్పేర్లు మీ ఊళ్ళోనే దొరికే కంపెనీది, డ్యూయల్ క్లచ్ (బండి ఆపినా పీటీఓ తిరుగుతూనే ఉండేది) ఉన్న ఎక్స్ఛేంజ్ బండి చూడండి. సీజింగ్ బండి కూడా మీకు పనికొస్తుంది, అయితే కొన్న ధరలో కనీసం పావు వంతు విడిగా చేతిలో ఉంచుకున్నప్పుడే. ఉన్న డబ్బంతా పాటలోనే పెట్టి, రిపేరుకు వడ్డీకి తెచ్చుకున్నవాళ్ళను చూశాను. ఆ బండ్లు మళ్ళీ అదే యార్డుకు చేరాయి.

మూడెకరాల లోపు ఉన్నవారు ఒక కాగితం మీద ఏడాది కిరాయి ఖర్చు రాసుకుని, పక్కన వాయిదా, డీజిల్, రిపేరు రాసుకోండి. చాలామందికి కిరాయే చవకని తేలుతుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు గుడ్డతో తుడిచి ఆర్సీతో అంకె అంకె కలపండి. గీకినట్టు, మళ్ళీ కొట్టినట్టు ఉంటే అక్కడితో ఆపండి. ఆర్సీ మీద ఫైనాన్స్ పేరు ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 (అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్ళు ఇచ్చే కాగితాలు) చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు ఆ రోజే తీసుకోండి. సీజింగ్ బండికి ఆర్సీ ఫైనాన్స్ సంస్థ పేరు మీదికి ఫారం 36తో మారిందా లేదా అడగండి. ట్రాలీ కూడా బేరంలో ఉంటే దానికి వేరే ఆర్సీ ఉంటుంది, మరిచిపోకండి.

మెకానిక్‌ను మీ ఊరి నుంచే తీసుకెళ్ళండి, అమ్మేవాళ్ళు చూపించిన మనిషిని వద్దు. బేరం కుదిరినా కుదరకపోయినా ఆ రోజు కూలి అతనికి ఇస్తానని బండి ఎక్కకముందే చెప్పండి. కుదిరితేనే డబ్బులంటే, కుదిర్చే మాటలే వినిపిస్తాయి. మొన్న మా బావమరిది కోసం వెళ్ళినప్పుడు మా మెకానిక్ డ్రెయిన్ ప్లగ్గు ఒక్క చుట్టు తిప్పగానే ముందుగా గ్లాసెడు నీళ్ళు కారాయి. కూలి ఇచ్చేసి, అదే ఆటోలో ఇంకో ఊరికి వెళ్ళాం.